పూజ నీళ్ళలో బుడగలు

నేను చేసే ఉద్యోగం ఏమిటో మా ఊళ్ళో ఇప్పటికీ ఎవరికీ సరిగ్గా తెలియదు. మాది జవళగిరి దగ్గర రాగి పండించే కుటుంబం. బెంగుళూరులో చదువు ముగించి హోసూరులో పనికి చేరిన కొత్తలో, కళ్ళం దగ్గర నలుగురి ముందర మా చిన్నాయన అడిగాడు.

"ఏం పని చేస్తావప్పా ఆడ?"

"నీళ్ళలోకి లేజరు కొడతాం చిన్నాయనా. కొట్టినచోట చిన్న పేలుడు అవుతుంది."

ఆయన కాసేపు ఆలోచించాడు. "దినానికి ఎన్ని చేపలు పడతాయి?" అన్నాడు.

చెరువులో తోటాలు పేల్చి చేపలు పట్టేవాళ్ళను చూసిన మనిషి ఆయన, అడగడంలో తప్పేమీ లేదు. నాకే పౌరుషం వచ్చింది. ప్లాస్మా అనీ, షాక్ వేవ్ అనీ అరగంట ఉపన్యాసం దంచాను. అంతా ఓపికగా విని, "అంటే ఒక్కటీ పడదన్న మాట" అని లేచి ఎద్దుల దగ్గరికి పోయాడు. చదువుకున్నవాడికి ఎదుటివాడు అర్థం చేసుకోలేదన్న బాధకంటే, అర్థం చేసుకుని కూడా మెచ్చుకోలేదన్న బాధ ఎక్కువ. ఆ బాధ నాకు చాలాకాలం ఉండింది.

నిజానికి మా పనిని సులభంగానే చెప్పవచ్చు. మాది చిన్న యూనిట్. ముందు షెడ్డులో మామూలు గ్రైండింగు పనులు, వెనక ఏసీ గదిలో లేజరు. గదిలో గాజు కిటికీ ఉన్న ఒక స్టీలు తొట్టి, తొట్టి నిండా శుద్ధి చేసిన నీళ్ళు, ఆ నీళ్ళలో మునిగి ఒక ఉక్కు ముక్క. సెకనును పది కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్కంత సేపు లేజరు కిటికీ గుండా దూసుకుపోయి ఉక్కును తాకుతుంది. తాకినచోట పై పొర ఆవిరై ఉబ్బుతుంది. చుట్టూ నీళ్ళు అడ్డం ఉండడంవల్ల ఆ ఉబ్బు బయటికి పోలేక ఉక్కులోకే తంతుంది. అది మొదటి దెబ్బ. ఆ వెంటనే అక్కడ ఒక బుడగ పుట్టి, బఠాణీ గింజంత పెరిగి, నీళ్ళు నాలుగు వైపులా నొక్కేసరికి తనలోకి తానే కూలిపోతుంది. కూలేటప్పుడు రెండో దెబ్బ. కమ్మరి కొడవలి అంచును సుత్తితో కొట్టి గట్టిపరిచినట్టే, ఈ దెబ్బలకు ఉక్కు పై పొర బిగుసుకుని తొందరగా పగుళ్ళు రావు. పంపుల్లో ఫ్యాన్లను తొలిచి తినేసేది కూడా ఈ జాతి బుడగే. అక్కడ దాన్ని దొంగ అంటారు, మేము మాత్రం జీతం లేకుండా పనిలో పెట్టుకున్నాం.

ఆ తొట్టిని చూసుకునే ఆపరేటరు బాగలూరు అవతలి ఊరి ఆమె. ముప్పై దాటిన మనిషి, గులాబీ తోటలున్న ఉమ్మడి కుటుంబానికి కోడలు. కాంట్రాక్టు మీద చేరి అప్పటికి మూడేళ్ళు. పొద్దున్నే తొట్టి ఖాళీ చేయడం, కడగడం, కొత్త నీళ్ళు నింపడం, ముక్క బిగించడం, బటన్ నొక్కడం ఆమె పని. కంప్యూటరు ముందు కూర్చుని ఆ పని గురించి గొప్పగా మాట్లాడడం నా పని.

ఆమెకు చెవి ఉంది. నా దగ్గర నీళ్ళలో శబ్దం వినే మైకు ఒకటి ఉండేది, దాని ధర వింటే మా ఓనరుకు ఇప్పటికీ ఆవలింత మధ్యలో ఆగిపోతుంది. బుడగ పుట్టుకను ఒక గీతగా, చావును ఒక గీతగా అది తెరమీద చూపేది. నేను ఆ గీతల మధ్య దూరం కొలుస్తూ ఉండగానే ఆమె వెనకనుంచి "ఈ దెబ్బ సరిగ్గా పడలేదు సార్" అనేది. మనిషి చెవికి అంత తేడా తెలియదని నేను పుస్తకాల్లో చదువుకున్నాను. ఆమె ఆ పుస్తకాలు చదవలేదు కాబట్టి ఆమెకు తెలిసేది. పదిలో తొమ్మిదిసార్లు ఆమె మాటే నిజమయ్యేది. ఆ తొమ్మిదిసార్లూ నేను "ఊఁ" అని ఊరుకుని, పదోసారి మాత్రం పాఠం చెప్పేవాణ్ణి.

రోజూ పని మొదలుపెట్టే ముందు ఆమె మెషిన్ ప్యానెల్ మూలన కుంకుమ బొట్టు పెట్టేది. నాకు అదొక వేళాకోళం.

"ఏమమ్మా, బొట్టు పెడితే లేజరుకు పవర్ పెరుగుతుందా?"

"మీకు మీ లెక్క, నాకు నా బొట్టు సార్. రెండూ ఉండనీండి" అనేది, చేతిపని ఆపకుండా.

ఆ ఏడాది విమానాల ఇంజన్లకు విడిభాగాలు చేసే ఒక పెద్ద విదేశీ కంపెనీ మా దగ్గర ట్రయల్ చూస్తామంది. వాళ్ళ మనుషుల ముందు అయిదు ముక్కలు కొట్టి చూపించాలి. అవి పాసైతే మూడేళ్ళకు సరిపడా పని. మా ఓనరు షెడ్డులో అందరినీ నిలబెట్టి, "ట్రయల్ పాసైతే లేజరు ఆపరేటరుని పర్మనెంట్ చేస్తాను" అని ప్రకటించాడు. ఆ సాయంకాలం ఆమె నాతో చెప్పింది.

"ఇంట్లో చెప్పేసినాను సార్. ఇంక తోటలోకి రాను, నాకు కంపెనీలో ఖాయమైతా ఉండాది అని. మా అత్త మూడు దినాల్నించి మాట్లాడలేదు. పువ్వు కొయ్యను చేతకాక కాదు సార్. ఈ పని నా చేతికి కుదిరింది, అంతే."

నేను ధైర్యం చెప్పాను. "నేనున్నాను కదమ్మా" అన్నాను. సరిగ్గా ఆ మాటే అన్నాను.

ట్రయల్‌కు ఆ కంపెనీవాళ్ళు ఎంచుకున్న రోజు, ఆయుధపూజ సెలవులు ముగిసిన మరుసటి పొద్దు. ఆయుధపూజంటే ఏమిటో వాళ్ళకు తెలియదు, చెప్పే ధైర్యం మాకు లేదు. మా హోసూరులో ఆ రోజు దేవుళ్ళకంటే యంత్రాలకే మర్యాద ఎక్కువ. లేతు మెషిన్లకు అరటి పిలకలు కడతారు, ఫోర్క్‌లిఫ్టుకు బంతిపూల దండ వేస్తారు, హాజరు వేసే మెషిన్‌కు కూడా గంధం పూస్తారు. గేటు బయట బూడిద గుమ్మడికాయ పగులుతుంది. అందరికీ బొరుగులు, పప్పుల పొట్లాలు పంచుతారు. పూజయ్యాక ఇక ఏ పనిముట్టునూ ముట్టరాదు, కడగరాదు, కదపరాదు. సెలవులయ్యాక మంచి గడియ చూసుకుని దానితో మొదటి పని చేసేదాకా అది దేవుడి సొత్తు.

పూజ ముందురోజే ఆమె తొట్టిని అద్దంలా కడిగి కొత్త నీళ్ళు నింపింది. పూజనాడు అయ్యవారు ఆటోలో వచ్చాడు. ఆయనకు ఆ రోజు ఎన్ని షెడ్లున్నాయో ఆయన మంత్రాల వేగమే చెప్పింది. ముందు షెడ్డు పూర్తికాగానే పసుపు నీళ్ళ చెంబు, మామిడాకులు ఓనరు చేతిలో పెట్టి, "మిగతా గదుల్లో మీరే చల్లేసుకోండి" అని ఆటో ఎక్కేశాడు. ఓనరు ఆ చెంబును నాకిచ్చాడు.

"మీ గదికి మీరే అయ్యవారు సార్."

అందరూ నవ్వారు. మూఢనమ్మకాల గురించి భోజనాల దగ్గర నేను చేసే ప్రసంగాలు అందరూ విన్నవే. నేనూ నవ్వుతూ లోపలికి వెళ్ళాను. కంపెనీ గ్రూపులో పెట్టడానికి ఫోటో బాగా వస్తుందని తొట్టి మూత తీసింది కూడా నేనే. మామిడాకుతో మెషిన్ మీద రెండు చుక్కలు చల్లాను. వెనకనుంచి ఓనరు, "బాగా చల్లండి సార్, కస్టమరు వస్తా ఉండాడు" అన్నాడు. ఎవరో ఫోన్ ఎత్తారు. ఫోన్ కెమెరా ముందు ఎంతటి నాస్తికుడికైనా భక్తి పొంగుతుంది. ఆకులు పక్కన పెట్టి, చెంబు అడుగున పేరుకున్న ముద్ద పసుపుతో సహా మొత్తం తొట్టిలోకి వంచేశాను. ఫోటో తీసినవాళ్ళకు నా మొహం, పూలదండ కావాలి, చెంబు ఎవరికి కావాలి? మూత వేసి బయటికి వచ్చి బొరుగుల పొట్లం తీసుకున్నాను. గుమ్మం దగ్గర నిలబడి వాటిని పంచుతున్నది ఆమే.

సెలవుల తర్వాత పొద్దున ఎనిమిదికే ఆమె వచ్చింది. రోజూలాగే తొట్టి ఖాళీ చేయబోతే ఓనరు పరుగెత్తుకొచ్చాడు.

"ముహూర్తం తొమ్మిదిన్నరకమ్మా. మొదటి పని ఆ నీళ్ళలోనే జరగాల. పూజ నీళ్ళని బయట పారబోస్తారా ఎవురన్నా?"

ఆమె నా వైపు తిరిగింది. "సార్, మీరైనా చెప్పండి. మూడు దినాలుగా నిలవుండే నీళ్ళు. నిమిషంలో మారుస్తాను."

నేను మూత తీసి చూశాను. నీళ్ళు గాజులా ఉన్నాయి. పసుపంతా రెండు రోజుల్లో అడుగుకు దిగి, ముక్కను బిగించే దిమ్మ కింద పడుకుని ఉంది. నాకు చెంబు గుర్తుకు రాలేదా అంటే, వచ్చింది. ఇంత తొట్టిలో ఆ కాస్త పసుపు ఎంతలే అనుకున్నాను. భౌతికశాస్త్రం చదివిన మనిషి వేసిన లెక్క అది! "నీళ్ళు బాగానే ఉన్నాయమ్మా, ఓనరు మాట కూడా వినాలి కదా" అన్నాను.

తొమ్మిదిన్నరకు కస్టమరు తరఫు ఇంజినీరు, ఆయన వెనక ఇద్దరు, మా ఓనరు అందరూ గదిలో చేరారు. ఓనరు కర్పూరం వెలిగించాడు. నీళ్ళను తిప్పే పంపు ఆన్ చేశాం. అడుగున నిద్రపోతున్న పసుపు అప్పుడు లేచింది. పైకి చూస్తే ఏమీ తెలియదు, లేత నిమ్మరసం రంగు, అంతే. కానీ లేజరుకు కన్ను సన్నం. దారిలో ఏ రేణువు అడ్డం వస్తే దాని మీదే అది తన కోపమంతా తీర్చుకుంటుంది. ఉక్కు దగ్గర ఒక్క పెద్ద బుడగ పుట్టవలసింది, దారి పొడవునా చిల్లర బుడగలు పుట్టాయి. ఉక్కుదాకా చేరింది మిగిలిన చిల్లరే.

"ఠక్" మనవలసిన శబ్దం చిటపటమంది.

ఆమె బటన్ మీదనుంచి చెయ్యి తీసేసింది. "సార్, ఆపేద్దాం. పోపు వేసినట్టుండాది శబ్దం. నీళ్ళలో ఏమో ఉండాది."

కస్టమరు ఇంజినీరు గడియారం చూసుకున్నాడు. ఓనరు నన్ను చూశాడు. నాకు మండింది. అంతమంది ముందు ఒక ఆపరేటరు నాకు పాఠం చెప్పడమా? "నువ్వు బటన్ నొక్కమ్మా" అన్నాను. ఆమె నొక్కింది. అయిదు ముక్కలూ అలాగే పూర్తయ్యాయి.

దెబ్బ బలం చూడడానికి ముక్కల పక్కనే పలచని ఉక్కు పట్టీలు పెడతాం. దెబ్బలు సరిగ్గా పడితే పట్టీ విల్లులా వంగుతుంది. మా పట్టీలు భోంచేసిన అల్లుళ్ళలా హాయిగా వెల్లకిలా పడుకున్నాయి. ఇంజినీరు జేబులోంచి టార్చి తీసి తొట్టిలోకి వేశాడు. వెలుగులో పసుపు రేణువులు మెల్లగా తిరుగుతూ కనిపించాయి. వేలు ముంచి, వాసన చూసి, మళ్ళీ చూసి, "ఇది వంటింటి పసుపు కదా?" అన్నాడు ఇంగ్లీషులో.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నా చెయ్యి దానంతటదే వెనక్కి పోయి జేబులో దూరింది. ఎవరూ గమనించలేదు. అందరి కళ్ళూ ప్యానెల్ మూలన ఉన్న కుంకుమ బొట్టు మీద ఉన్నాయి. అక్కడినుంచి ఆమె మీదికి వచ్చాయి.

"ఈ తొట్టి ఎవరి బాధ్యత?" అని ఇంజినీరు అడిగాడు.

"తొట్టిని ఆపరేటరే చూసుకుంటుంది" అన్నాను నేను.

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అబద్ధమైతే ఎవరైనా పట్టుకునేవారేమో. ఆమె నా వైపు చూసింది. కోపంగా కాదు, పక్కవాడి వంతు వచ్చినప్పుడు చూస్తామే, అలా ఎదురుచూస్తున్నట్టు. తర్వాత తల దించుకుని తొట్టి మూత వేసింది. పాపం ఆమెకు ఏమీ తెలియదు అనుకున్నాను. ఆ ఊహ నాకు చాలా ఉపయోగపడింది.

మా దగ్గర ఏ తప్పు జరిగినా ఒక ఫారం నింపాలి. "ఎందుకు?" అని అయిదుసార్లు అడిగి, అసలు కారణం దాకా తవ్వాలని రూలు. ఆ ఫారం నింపే పని కూడా నాకే వచ్చింది. పట్టీ ఎందుకు వంగలేదు? దెబ్బ బలం చాలలేదు. ఎందుకు? బుడగలు దారిలోనే పుట్టాయి. ఎందుకు? నీళ్ళలో రేణువులు. ఎందుకు? తొట్టిలో పసుపు చేరింది. అయిదో ఎందుకు దగ్గర పెన్ను ఆగింది. కాఫీ తెప్పించుకుని తాగాను. "ఆపరేటరుకు తగిన శిక్షణ లేదు" అని రాసి సంతకం పెట్టాను. ఆమెకు శిక్షణ ఇచ్చింది నేనే అన్న సంగతి ఆరో ఎందుకు కిందికి వస్తుంది, అంతదాకా ఫారంలో చోటు లేదు.

రెండు నెలల తర్వాత కస్టమరు ఇంకో అవకాశం ఇచ్చాడు. కొత్త నీళ్ళు, కొత్త ఆపరేటరు, ట్రయల్ పాసైంది. ఓనరు నాకు శాలువా కప్పాడు. ఆమె అప్పటికే ప్యాకింగు సెక్షన్లో అట్టపెట్టెలకు టేపు అంటిస్తోంది. పర్మనెంట్ మాట ఎవరూ ఎత్తలేదు. ఆరు నెలలు అక్కడ చేసి ఒకరోజు రావడం మానేసింది. మేము తీసేయలేదు. మా యూనిట్లో ఎవరినీ తీసేయరు, వాళ్ళంతట వాళ్ళు పోయేదాకా ఓపిగ్గా ఉంటారు.

నిరుడు మెషిన్ మళ్ళీ మొరాయించింది. దెబ్బలు ఒకరోజు బాగా పడతాయి, ఒకరోజు పడవు. ఇద్దరు ఆపరేటర్లు మారారు. నా మైకు గీతలన్నీ చూపిస్తోంది, కారణం మాత్రం చెప్పడం లేదు. ఓనరు విసిగిపోయి, "ఆయమ్మని పిలుచుకోని రాండి సార్. ఈ తూరి పర్మనెంటే" అని ఆర్డరు కాగితం టైపు చేయించి నా చేతికిచ్చాడు. క్షమాపణ చెప్పుకోవడానికి అన్ని రోజులూ తీరిక దొరకని నేను, కంపెనీ పని అనగానే ఆ మధ్యాహ్నమే బాగలూరు బండెక్కాను.

తోట పక్కన రేకుల షెడ్డులో నలుగురు ఆడవాళ్ళు గులాబీలను కాడ పొడవు చూసి వేరుచేస్తున్నారు. నన్ను చూసి ఆమె లేచింది.

"రాండి సార్. ఈడ కూర్చోండి" అని ఒక క్రేటు బోర్లించింది. నీళ్ళిచ్చింది. కాగితం తీసుకుని పూర్తిగా చదివి, మడిచి ఒళ్ళో పెట్టుకుంది.

"ఇప్పుడు శబ్దం ఎట్లుండాది సార్?"

చెప్పడానికి మాటలు చాలలేదు. యాభై దాటిన మనిషిని, గులాబీల మధ్య క్రేటు మీద కూర్చుని నోటితో "ఠ...ప్, ఠ...ప్" అని బుడగలా అరిచి చూపించాను. పక్కనున్నవాళ్ళు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆమె నవ్వలేదు. కళ్ళు మూసుకుని విని, ఇంకోసారి చేయమంది. చేశాను.

"కిటికీ గాజుకి లోపలిపక్క సన్నసన్న గాలిబుడగలు అంటుకోనుంటాయి సార్. కొత్త నీళ్ళు నింపినంక ఒక గంట సుమ్మనే వదిలేయాల. మీవాళ్ళు నింపతానే కొడతా ఉంటారు. గాజుని మెత్తని బ్రష్షుతో తుడవమనండి, సరిపోతాది."

అంతే. మూడు నెలల తలనొప్పికి అరనిమిషంలో మందు చెప్పేసింది. ఇక లేచి రావచ్చు. కానీ అంత సులభంగా ఆమె ఇచ్చేసరికి నేను లేవలేకపోయాను. నేల చూస్తూ, "అమ్మా, ఆ పొద్దు ఆ పసుపు నీళ్ళు..." అన్నాను.

"మీరే పోసినారు. తెలుసు సార్. వాకిట్లో నేనుండినాను కదా."

ఆమె చేతులు మళ్ళీ కాడల మీదికి పోయాయి. సిగ్గు రావలసినచోట నాకు ముందు ఆమె మీదే కోపం వచ్చింది, ఏం చెప్పమంటారు!

"చూసి కూడా ఎందుకు గమ్మున ఉండినావమ్మా? ఒక్క మాట అని ఉంటే..."

"నేనంటే ఏమైతాది సార్? తప్పు చేసి, దాన్ని సారు మీదికి తోస్తా ఉండాది అంటారు. అది మీ నోట్లోనుంచి రావాల్సిన మాట." ఒక కాడ విరిగి ఉంటే పక్కన పెట్టింది. "ప్యాకింగులో ఆరు నెలలు ఎందుకుండినాను అనుకున్నారు? ఆ జీతానికా? మీరు టీకి పొయ్యేది ఆ పక్కనే కదా. ఈ పొద్దు చెప్తారు, ఈ పొద్దు చెప్తారు అని దినామూ చూస్తా ఉంటిని."

ఆర్డరు కాగితాన్ని నలగకుండా నా చేతిలో పెట్టి, తర్వాతి కట్ట ముందుకు లాక్కుంది.

ఆ ఆరు నెలలూ నేను రోజుకు రెండుసార్లు టీకి వెళ్ళాను, ఆమె బల్ల పక్కనుంచే.